గట్టు పాట ఎక్కడికి పోయింది?

మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. చినమెరక బడి వరండాలో ఆరో తరగతి పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. క్రిస్టినా కోడిగుడ్డు పెంకు వలుస్తూ ఉంటే, పక్కన కూర్చున్న లావణ్య సన్నగా రాగం తీసింది.

"గట్టు దాటించే దేవా... నా చెయ్యి గట్టిగా పట్టుకో... గట్టిగా పట్టుకో..."

క్రిస్టినా చేతిలో గుడ్డు జారి కంచంలో పడింది.

"నీకెలా వచ్చే ఆ పాట? మీరు చర్చికి రారుగా?"

"మేం రావాలేంటి? మీ మైకే మా వంటింట్లోకి వచ్చేస్తుంది" అంది లావణ్య. వాళ్ళ ఇల్లు చర్చి ప్రహరీని ఆనుకునే ఉంటుంది. "మా నాన్నమ్మ అయితే ఆదివారం గడియారం చూడటమే మానేసింది. మీ పాట మొదలవగానే ఎసట్లో బియ్యం పోస్తుంది. పాట అయ్యేసరికి గంజి వార్చేస్తుంది."

"అంత పొడుగేం కాదులే!"

"మొన్న లెక్కపెట్టాను. 'గట్టిగా పట్టుకో' అని యాభై రెండు సార్లు అన్నారు. అయినా, అదేం గట్టే బాబూ? వేసవి సెలవులకి ముందు మొదలెట్టారు. ఇంకా దాటడం అవ్వలేదా?"

అంతే, వరస వరసంతా పకపకా నవ్వింది. ఆ చివరన ఉన్న ఇద్దరు మగపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, లేని గట్టు ఒకటి ఎక్కి దిగినట్టు నటించారు కూడా. క్రిస్టినా చెవులు వేడెక్కాయి. ఆ గుడ్డు ఆమెకు రుచించలేదు.

లావణ్య మీద కోపం రావాలి నిజానికి. కానీ లావణ్య చెప్పిందాంట్లో తప్పేముంది? క్రిస్టినా తన సండే స్కూల్ నోటుపుస్తకం చివరి పేజీలో గీతలు గీస్తూనే ఉంది. ఆ పాట పాడిన ప్రతి ఆదివారానికీ ఒక గీత. నిన్నటికి ఇరవై ఎనిమిది అయ్యాయి. నాన్న అనిల్ కుమార్ ఫోను మోగితే అదే పాట. ఆయన ఆటో వెనక్కి నడిపితే మోగేదీ అదే పాట. పళ్ళు తోముకుంటూ అమ్మ తీసే కూనిరాగం కూడా అదే. ఎంత తియ్యని పూతరేకైనా రోజూ మూడు పూటలా పెడితే ఎవరు తింటారు చెప్పండి?

క్రిస్టినా ఆ మధ్యాహ్నమే ఒక నిర్ణయం తీసుకుంది.

* * *

చినమెరక లూథరన్ చర్చిలో ఒక అలవాటుంది. ఆరాధనలో రెండు పాటలు అయ్యాక పాస్టర్ శాంతికుమార్ అయ్యగారు మైకు పట్టుకుని, "ఇప్పుడు ఎవరైనా ఒక పాట కోరుకోండమ్మా" అంటారు. ఎవరు ముందు చెప్తే వాళ్ళ పాట పాడాలి.

పేరుకే ఎవరైనా. చెప్పేది మాత్రం ఎప్పుడూ ముందు చాపే. అన్నిటికన్నా ముందు, మైకు ఎదురుగా పరిచే పెద్ద చాప మీద స్త్రీల సమాజం వాళ్ళు ఎనిమిదిమంది కూర్చుంటారు. సంపూర్ణమ్మ, సూరమ్మ, ఇంకో ఆరుగురు. కొందరు పొలం పనికి వెళ్తారు, కొందరు ఇంటి దగ్గరే లేసు అల్లుతారు. అయ్యగారి నోట్లో మాట పూర్తికాక ముందే ఆ చాప మీంచి ఎవరో ఒకరు, "గట్టు పాటండి!" అంటారు.

పాటల మాటలు గోడ మీద తెల్ల తెర మీద పడతాయి. పోయిన జనవరిలో ఆ తెర కొన్నారు. తెరకు పాటలు పంపే లాప్‌టాప్‌ని సండే స్కూల్ పెద్దపిల్లలు నెలకొకరు చూసుకుంటారు. నవంబరు నెల క్రిస్టినాది.

ఆ ఆదివారం క్రిస్టినా అందరికన్నా ముందే చర్చికి వచ్చింది. లాప్‌టాప్ తెరిచింది. గట్టు పాట ఫైలును పట్టుకుని 'పాత సోషల్ ప్రాజెక్టులు' అనే ఫోల్డర్‌లోకి తోసేసింది. అక్కడ దాన్ని ఎవరూ వెతకరు. పాత సోషల్ ప్రాజెక్టు జోలికి ఎవరు పోతారు!

సమయం రానే వచ్చింది.

"ఎవరైనా ఒక పాట కోరుకోండమ్మా."

"గట్టు పాటండి!" అంది సూరమ్మ.

క్రిస్టినా లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆ పాట లాప్‌టాప్‌లో కనబడట్లేదండి. పోయినట్టుందండి."

"పోయిందా? ఎలా పోయిందమ్మా?"

"ఏమోనండి."

అబద్ధం ఎక్కడైనా అబద్ధమే. చర్చిలో, అదీ అయ్యగారికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఆడితే మరీ బరువుగా ఉంటుంది.

"తెర మీద లేకపోతే ఏంటండి..." అని సూరమ్మ ఏదో అనబోయింది. కానీ కీబోర్డ్ దగ్గర సుకుమార్ ఆగితే కదా! ఇంటర్ చదివే సుకుమార్ ఆ పాటను వాయించి వాయించి కీబోర్డ్ మీద నాలుగు మెట్లు అరిగిపోయాయని ఎప్పటినుంచో గోల పెడుతున్నాడు. ఇదే సందని ఒక కొత్త పాట ఎత్తుకున్నాడు. క్రిస్టినా చటుక్కున దాని మాటలు తెర మీద వేసింది.

అబ్బ, ఎంత హాయిగా ఉందో! కొత్త రాగం, కొత్త దరువు. కుర్రాళ్ళు చప్పట్లు చరిచారు. పిల్లలు గొంతెత్తి పాడారు. క్రిస్టినా కాళ్ళు వాటంతటవే ఊగాయి.

పాట సగంలో ఉండగా ఆమె చూపు ముందు చాప మీద పడింది. ఎనిమిది నోళ్ళూ మూసుకునే ఉన్నాయి. సంపూర్ణమ్మ తెర వైపు చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, పాడుతున్న పిల్లల్ని చూస్తోంది.

'కోపం వచ్చినట్టుంది. రెండు వారాల్లో అదే పోతుందిలే' అనుకుంది క్రిస్టినా.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర సంపూర్ణమ్మ ఆమె గడ్డం పట్టుకుంది.

"పాట పోయిందని బెంగెట్టుకోకు తల్లీ. ఎక్కడో ఉంటుంది, దొరుకుతుందిలే."

తిట్టినా బాగుండేది. క్రిస్టినా తల వంచుకుని చెప్పులు వెతుక్కుంది. అవి కాళ్ళకే ఉన్నాయి.

ప్రహరీ అవతలి నుంచి లావణ్య వాళ్ళ నాన్నమ్మ వీరమ్మ కేక వినిపించింది. "ఏమర్రా, ఇవాళ మీ పాట పెట్టలేదేంటి? దానికోసం చూసి చూసి ఎసరంతా ఇగిరిపోయింది!"

* * *

రెండో ఆదివారం సంపూర్ణమ్మే అడిగింది. "దొరికిందా అమ్మా?"

క్రిస్టినా అడ్డంగా తలూపింది. ఈసారి నోటితో అబద్ధం చెప్పలేదు. తలతో చెప్పింది. అందులో పెద్ద తేడా ఏమీ లేదని ఆమెకూ తెలుసు. సుకుమార్ ఈసారీ ఇంకో కొత్త పాట ఎత్తుకున్నాడు.

మూడో ఆదివారం ముందు చాప సగం ఖాళీగా ఉంది. సంపూర్ణమ్మ ఎక్కడా అని చూస్తే, వెనకాల తలుపు దగ్గర చంటిపిల్లల్ని ఆడిస్తూ కూర్చుంది.

ఆ రోజే అయ్యగారు మైకులో చెప్పారు. "వచ్చే ఆదివారం మన కోత పండుగ. ఈసారి నేనే ఒక పాట రాశాను. ఎప్పటిలాగే మన స్త్రీల సమాజం వాళ్ళు వరి కంకులు పట్టుకుని పాడుకుంటూ లోపలికి వస్తారు."

వెనకనుంచి సంపూర్ణమ్మ లేచి నిలబడింది.

"ఈసారి మా సమాజం పాట వద్దులెండి అయ్యగారూ. కంకులు తెచ్చి పెట్టేస్తాం. పాట కుర్రాళ్ళు పాడతారు."

"అదేంటమ్మా? మీరు పాడని కోత పండుగ ఎప్పుడైనా ఉందా?"

"వాళ్ళు బాగా పాడుతున్నారు కదండీ" అని నవ్వి కూర్చుంది.

పోయిన ఏడాది కోత పండుగ క్రిస్టినా కళ్ళ ముందు కదిలింది. సంపూర్ణమ్మ తల మీద కోసి కట్టిన బంగారు రంగు వరి పన. వెనకాల ఏడుగురు ఆడవాళ్ళు. సంపూర్ణమ్మ గొంతు విప్పితే గూట్లో పావురాలు లేచాయి. ఆమె కొంగు పట్టుకుని క్రిస్టినా కూడా నడిచింది. ఏడాదంతటిలో క్రిస్టినాకు క్రిస్మస్ తర్వాత ఇష్టమైన రోజు అదే. ఇప్పుడు ఆ గొంతు ఉండదు. దానికి కారణం 'పాత సోషల్ ప్రాజెక్టులు' ఫోల్డర్‌లో ఉంది.

ఇంటికి రాగానే ఆలోచించింది. 'కోపం కాదేమో. తెర మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయేమో. సంపూర్ణమ్మ మామ్మకు కనబడట్లేదేమో!' అమ్మ రెబెక్కాను అడిగి ఒక పెద్ద చార్టు తీసుకుంది. అయ్యగారు ఇచ్చిన కోత పాటంతా స్కెచ్ పెన్నుతో రాసింది. ఒక్కో అక్షరం కందిపప్పంత కాదు, కందిపొడి డబ్బా మూతంత.

* * *

సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఆమె చేతిలో సూది అటూ ఇటూ తిరుగుతుంటే తెల్ల దారం పువ్వుగా మారుతోంది. లేసు కొనే నరసాపురం షావుకార్లు ఆ పనితనం చూసి ఇంకో మాట మాట్లాడరు.

"రా తల్లీ. నీ పువ్వు తెచ్చావా?"

బడిలో చేతిపనుల ప్రదర్శన కోసం క్రిస్టినా ఒక లేసు పువ్వు మొదలుపెట్టింది. ఫోన్లో వీడియో చూసి అల్లితే అది పువ్వు కాలేదు, చిక్కుముడి అయింది. నెలరోజులుగా మామ్మ దగ్గరే నేర్చుకుంటోంది.

"ముందు అల్లు. కబుర్లు తర్వాత" అంది సంపూర్ణమ్మ. "నాలుగు గొలుసులు అల్లు... ఇప్పుడు వెనక్కి తిప్పు... రెండో కన్నంలోకి సూది పెట్టు... దారం లాగు..."

క్రిస్టినా సూది ఒక పని పూర్తిచేసే లోపే తర్వాతి పని చెవిలో పడేది. చెయ్యి ఆగాల్సిన అవసరమే రాలేదు. ఒక రేకు అయిపోయింది.

అప్పుడు చార్టు విప్పింది. "మామ్మా, నీకోసం పెద్దగా రాసి తెచ్చాను. చూడు, ఇప్పుడు కనిపిస్తుందిగా?"

సంపూర్ణమ్మ చార్టు వంక చూసింది. వేలితో ఒక అక్షరాన్ని మెల్లగా తడిమింది.

"అందంగా రాశావు తల్లీ. కానీ నువ్వు చీమంత రాసినా ఏనుగంత రాసినా నాకు ఒకటే. నాకు చదవడం రాదు."

క్రిస్టినా చార్టును ఒళ్ళోకి లాక్కుంది.

"సూరమ్మకీ రాదు. ఆ చాప మీద ఒక్కరికీ రాదు. చిన్నప్పుడు మమ్మల్ని ఎవరు బడికి పంపారు? పాటల పల్లవులైతే నోటికి వచ్చు. చరణాలు మాత్రం అబ్బులుగారు అందించేవారు."

అయ్యగారికి సాయంగా ఉండే ఉపదేశి అబ్బులుగారు! క్రిస్టినాకు గుర్తొచ్చింది. ఇదివరకు ప్రతి పాటలోనూ ఆయన గొంతు మధ్యమధ్యలో వినిపించేది. ఒక వరస మాటలు గబగబా చెప్పేవారు. వెంటనే అందరూ ఆ వరస పాడేవారు. అదీ పాటలో ఒక భాగమే అనుకునేది తను. దాన్నే పాట అందించడం అంటారని ఇవాళే తెలిసింది.

"పోయిన క్రిస్మస్ తర్వాత ఆయనకి గొంతు ఆపరేషన్ అయింది. మాట పెగలదు. అదే నెలలో తెర వచ్చింది. ఇంక అందించేవాళ్ళు ఎందుకు అనుకున్నారు అందరూ. మేం మాత్రం ఏం చెప్తాం? మాకు చదువు రాదని మైకులో చెప్పుకుంటామా?"

"మరి గట్టు పాట?"

"అది చిన్న పాటే కదా. తిప్పితిప్పి అదే పాడతారు. నాలుగు వారాలు వినేసరికి మొత్తం నోటికి వచ్చేసింది. మేం కూడా పాడగలిగేది ఆ ఒక్కటి దొరికింది. అందుకే ఎప్పుడు అడిగినా అదే."

క్రిస్టినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకు ఏది విసుగు తెప్పించిందో, అదే మామ్మకు పాట నేర్పింది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

"మామ్మా, ఆ పాట పోలేదు. నేనే దాచేశాను."

సంపూర్ణమ్మ సూది ఆగింది. "దాచావా? ఎందుకే?"

"బోరు కొట్టింది. లావణ్యవాళ్ళు వెక్కిరించారు. అందుకని..."

సంపూర్ణమ్మ ముఖంలో నొప్పి కనబడింది. క్రిస్టినా చూపు దించుకుంది.

"మూడు ఆదివారాలు నేను నీకోసం ప్రార్థన చేశాను, తెలుసా? పాపం పిల్ల పాట పోగొట్టుకుంది, దొరికేలా చెయ్యి దేవా అని."

"తప్పయిపోయింది మామ్మా."

"తప్పే" అంది సంపూర్ణమ్మ. తర్వాత గొంతు తగ్గించి, ఎవరైనా వింటున్నారేమోనని వీధిలోకి ఒకసారి చూసి, "అయినా, ఒక మాట చెప్పనా? నాకూ బోరు కొట్టిందే!" అంది.

"ఆఁ?"

"కొట్టదా మరి? ఇన్నేసి వారాలు వంకాయ కూరే తింటే ఎవరికి విసుగు రాదు? కానీ గిన్నెలో ఉన్నది అదొక్కటే అయితే ఏం చేస్తాం? సూరమ్మ అయితే నిద్దట్లో కూడా 'గట్టిగా పట్టుకో' అంటోందంట. వాళ్ళాయన దొంగలు పడ్డారేమో అని లేచి కర్ర పట్టుకున్నాడంట!"

ఏడుపు మధ్యలో నవ్వొస్తే ఎలా ఉంటుందో క్రిస్టినాకు అప్పుడు తెలిసింది. ముక్కులోంచి, కళ్ళలోంచి, నోట్లోంచి అన్నీ ఒకేసారి వచ్చాయి. మామ్మ కొంగుతో తుడిచింది.

తుడిచాక క్రిస్టినా చార్టు చుట్టి చంకలో పెట్టుకుని లేచింది.

"ఎక్కడికే?"

"ముందు అయ్యగారి దగ్గరికి. తర్వాత అబ్బులుగారి దగ్గరికి."

* * *

అయ్యగారి దగ్గర చెప్పడం కష్టమైంది. ఫోల్డర్ పేరు చెప్పినప్పుడు మరీ కష్టమైంది. ఆయన అంతా విన్నారు.

"అబద్ధం చెప్పడం తప్పేనమ్మా. అది నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి మళ్ళీ చెప్పను" అన్నారు. "కానీ తెర కొనేటప్పుడు దాన్ని ఎవరు చదవగలరని ఒక్కరినీ అడగలేదు నేను. అడగాల్సింది. ఇప్పుడేం చేద్దామంటావు?"

"అబ్బులుగారు నేర్పిస్తే నేను అందిస్తానండి."

అబ్బులుగారు చర్చి వెనక చిన్న ఇంట్లో ఉంటారు. ఇప్పుడు గంట కొట్టడమే ఆయన పని. ఆయన మాట గుసగుసలా వస్తుంది, దగ్గరికి వెళ్ళి వినాలి. క్రిస్టినా విషయం చెప్పేసరికి ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"అందించడం అంటే చదవడం కాదమ్మాయ్" అన్నారు. "పాట ఆగకూడదు. వాళ్ళు ఒక వరస పాడి ఊపిరి తీసుకుంటారు చూడు, ఆ సందులో నీ మాటలు పడిపోవాలి. తొందరపడితే వాళ్ళ పాట మీద పడతావు. ఆలస్యమైతే వాళ్ళు ఆగిపోతారు."

క్రిస్టినా కళ్ళు పెద్దవి చేసింది. "అయితే మామ్మ లేసు చెప్పినట్టే కదండీ! సూది ఆగక ముందే తర్వాతిది చెప్పెయ్యాలి."

"అదే మరి. కాగితం చూడు, కానీ వాళ్ళ భుజాలు కూడా చూడు. భుజం పైకి లేస్తే ఊపిరి తీసుకుంటున్నట్టు."

సోమవారం నుంచి శనివారం దాకా ప్రతి సాయంత్రం సంపూర్ణమ్మ అరుగు కళకళలాడింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, మధ్యలో చార్టుతో క్రిస్టినా, పక్కన ముక్కాలిపీట మీద అబ్బులుగారు.

మొదటిరోజు పాట రసాభాసే. క్రిస్టినా తొందరపడి ముందే చెప్పేసింది. సూరమ్మ పాత వరస పాడుతుంటే సంపూర్ణమ్మ కొత్త వరస పాడింది. మిగతావాళ్ళు ఎటు పోవాలో తెలియక "గట్టిగా పట్టుకో" అందుకున్నారు, అలవాటు కదా! అబ్బులుగారు గొంతు లేకుండానే కడుపు పట్టుకుని నవ్వారు.

మూడోరోజుకి ఊపిరి సందు దొరికింది. శనివారానికి పాట కాలవలో పడవలా సాగిపోయింది.

* * *

కోత పండుగ ఆదివారం చర్చి గుమ్మం అరటి గెలలతో నిండిపోయింది. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం బస్తాలు, ఆత్రేయపురం చుట్టాలు పంపిన పూతరేకుల పెట్టె. ఎవరో కాళ్ళు కట్టిన ఎర్ర కోడిపుంజును కూడా తెచ్చారు. అది అందరూ తనకు బాకీ ఉన్నట్టు చూస్తోంది.

లాప్‌టాప్ దగ్గర ఇంకో పిల్ల కూర్చుంది. క్రిస్టినా చిన్న మైకు పట్టుకుని గుమ్మంలో ఆడవాళ్ళ పక్కన నిలబడింది. సంపూర్ణమ్మ తల మీద వరి పన ఉంది.

సుకుమార్ కీబోర్డ్ మీద రాగం ఎత్తుకున్నాడు. పల్లవి సంపూర్ణమ్మ అందుకుంది.

"గింజ వేసిన చేతికి తెలుసా... గింజ లోపలి కంకి సంగతి..."

గూట్లో పావురాలు లేచాయి. ఎనిమిది గొంతులు కలిశాయి. ఇంక చరణం. క్రిస్టినా వాళ్ళ భుజాల వైపు చూసింది. భుజాలు లేచాయి. నోరు తెరిచింది, మాట రాలేదు!

"కొక్కొరోకో!" అంది కోడిపుంజు, సరిగ్గా ఊపిరి సందులో.

చర్చి అంతా గొల్లున నవ్వింది. పన కింద సంపూర్ణమ్మ భుజాలు ఊగిపోయాయి. "దానికి వచ్చిన ధైర్యం నీకు రాలేదేంటే!" అంది నవ్వుతూనే. సుకుమార్ పల్లవి మళ్ళీ తిప్పాడు. నవ్వుతో పాటే క్రిస్టినా భయమూ ఎగిరిపోయింది. ఈసారి భుజాలు లేవగానే గణగణమని అందించింది.

"దుక్కి దున్నినది మేమయ్యా, చినుకు పంపినది నీవయ్యా!"

ఎనిమిదిమందీ అందుకున్నారు. వాళ్ళ వెనక పొలం నుంచి వచ్చిన మగవాళ్ళు అందుకున్నారు. ఇన్నాళ్ళూ తెర చూసి ఊరుకున్న మూల నుంచి కూడా గొంతులు లేచాయి. చదువు రానివాళ్ళు ఆ చాప మీదే కాదు, చర్చి నిండా ఉన్నారని అప్పుడు తెలిసింది అందరికీ. అయిదు చరణాలూ పూర్తయ్యాయి. గుమ్మం పక్కన గంట తాడు పట్టుకుని నిలబడ్డ అబ్బులుగారు కళ్ళు తుడుచుకున్నారు.

అయ్యగారు మైకు తీసుకున్నారు. "ఇప్పుడు ఎవరైనా ఒక పాట కోరుకోండమ్మా."

అందరూ ముందు చాప వైపు చూశారు. సుకుమార్ వేళ్ళు అలవాటుగా ఆ నాలుగు మెట్ల మీదికి వెళ్ళాయి.

సంపూర్ణమ్మ లేచి ఒక పాత పాట అడిగింది. ఏడు చరణాల పాట! ఏడాదిగా ఎవరూ పాడని పాట. క్రిస్టినా పాటల పుస్తకం తెరిచి ఏడు చరణాలూ అందించింది. గొంతు బొంగురుపోయింది. అయినా ఇంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

ఇంక ముగింపు ప్రార్థనే మిగిలింది. అయ్యగారు చేతులు ఎత్తబోతుంటే క్రిస్టినా చెయ్యి ఎత్తింది.

"అయ్యగారూ, ఇంకొక్క పాటండి. గట్టు పాట."

"నీకా?" అన్నారు అయ్యగారు.

"నాకేనండి. ఫైలు కూడా వెనక్కి తెచ్చి పెట్టాను. పైగా..." కిటికీ వైపు చూసింది. ప్రహరీ అవతల వీరమ్మ చెంబుతో బియ్యం పట్టుకుని మెడ చాచి చూస్తోంది. పక్కన లావణ్య. "వాళ్ళ ఎసరు మరిగిపోతోందండి."

"ఓరి నాయనో, మళ్ళీ వంకాయ కూరా!" అంది సంపూర్ణమ్మ. అంటూనే ముందుకు వచ్చి క్రిస్టినా చేతిలో మైకు తీసుకుంది. "నీ గొంతు పోయింది కదే. ఇలా కూర్చో, నేను అందిస్తాను."

క్రిస్టినా ముందు చాప మీద, సూరమ్మ పక్కన కూర్చుంది. ఆ పాటలో ప్రతి మాటా ఆమెకు వచ్చు. అయినా సంపూర్ణమ్మ వరస చెప్పేదాకా ఆగింది. చెప్పగానే, ఉన్న కాస్త గొంతుతోనే, గట్టిగా అందుకుంది.

ప్రహరీ అవతల బియ్యం ఎసట్లో పడిన చప్పుడు వినిపించింది.